విలియం ఆఫ్ వైక్‌హామ్: రైతు కొడుకు వించెస్టర్ బిషప్ ఎలా అయ్యాడు?

మీరు అడిగినవి మూడు సంగతులు. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో పేరున్న వంశం కానివాడు బిషప్ కాగలడా? బిషప్ అయినవాడు రాజుగారి మంత్రిగా కూడా ఎలా ఉంటాడు? విలియం ఆఫ్ వైక్‌హామ్ ఆక్స్‌ఫర్డ్‌లోనూ వించెస్టర్‌లోనూ కట్టించిన కాలేజీలకు డబ్బు ఎక్కడిది, అది తిన్న సొమ్మేనా?

డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్ళు ఇంగ్లండ్ చరిత్ర చెప్పినవాణ్ణి. వాళ్ళు కూడా ఎప్పుడూ ఇక్కడే ఆగిపోయేవారు. మూడింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. ఆనాటి ఇంగ్లండ్ రాజు తన దగ్గర పనిచేసేవాళ్ళకు సరిపడా జీతం ఖజానా నుంచి ఇచ్చేవాడు కాదు, చర్చి రాబడి నుంచి ఇప్పించేవాడు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే వైక్‌హామ్ జీవితం మొత్తం అర్థమవుతుంది. ఇది వదిలేస్తే ఆయన ఒక పుటలో దొంగలాగా, ఇంకో పుటలో మహాదాతలాగా కనిపిస్తాడు.

రాజుగారి ఉత్తర్వులు, లెక్కలు, ఒప్పందాలు అన్నీ లాటిన్‌లోనో ఫ్రెంచిలోనో నడిచేవి. లాటిన్ రాయగలిగినవాడంటే దాదాపుగా చర్చి చదువు చదివినవాడే. కాబట్టి రాజు కచేరీకి గుమాస్తాలు చర్చి నుంచే వచ్చేవారు. వాళ్ళకు రోజుకు ఇంత అని భత్యం ఉండేది. అసలు ప్రతిఫలం మాత్రం పదవుల రూపంలో అందేది. ఎక్కడో ఒక పారిష్‌లో, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళో, గురువు చనిపోతాడు. ఆ పారిష్‌కు మనిషిని పంపే హక్కు రాజుది అయితే తన గుమాస్తా పేరు రాస్తాడు. ఆ ఊరి పంటలో పదోవంతు, చర్చి భూముల రాబడి ఇక ఆ గుమాస్తావి. ఆయన ఆ ఊరు ఎన్నడూ వెళ్ళకపోవచ్చు. పూజ చెప్పడానికీ పిల్లలకు బాప్తిస్మం ఇవ్వడానికీ కొద్ది జీతానికి ఒక సహాయ గురువును పెడతాడు. మన ఊళ్ళలో గుడి మాన్యం ఒకరి పేర ఉండి, అర్చన ఇంకొకరు చేసినట్టన్నమాట. ఇలాంటివి ఒకరి చేతిలో ఒకటి కాదు, పది పోగుపడవచ్చు. చర్చి నియమాలు దీన్ని ఒప్పుకోవు, కానీ పోప్ అనుమతితోనో రాజు అండతోనో జరిగిపోయేది.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. వైక్‌హామ్ 1324లో హాంప్‌షైర్‌లోని వికమ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి జాన్ లాంగ్ ఎవరికీ వెట్టి చేయనక్కర్లేని స్వతంత్ర రైతు. తల్లి సిబిల్ వైపు కాస్త పెద్దింటి చుట్టరికం ఉంది. అంతకుమించి చెప్పుకోదగ్గ వంశం కాదు. పుట్టిన ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. ఆ చుట్టుపక్కల పెద్దమనిషి ఒకరు చదువు చెప్పించడంతో వించెస్టర్ బడిలో లాటిన్, లెక్కలు నేర్చుకున్నాడు. యూనివర్సిటీ గడప తొక్కలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో అంత పెద్ద కాలేజీ పెట్టిన మనిషి ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకోలేదన్నది గుర్తుంచుకోండి. ఆయన శత్రువులు కూడా దాన్ని మర్చిపోలేదు. చర్చి సంపదను ఎండగట్టిన ఆక్స్‌ఫర్డ్ పండితుడు విక్లిఫ్ పక్షానివని పేరున్న రాతల్లో ఒక ఎత్తిపొడుపు ఉంది: దైవజ్ఞానం ఉన్నవాణ్ణి వదిలేసి వంటింటి గుమాస్తాకో, కోటలు కట్టడంలో తెలివైన గుమాస్తాకో ప్రభువులు పదవులిస్తారని. కోటల మాట ఎవరి గురించో ఆనాటి చదువరులకు వేరే చెప్పనక్కర్లేదు.

చదువయ్యాక వించెస్టర్ కోట అధికారి దగ్గర రాతకోతల పనిలో చేరాడు. అక్కడి నుంచి వించెస్టర్ బిషప్ విలియం ఎడింగ్టన్ కంటపడ్డాడు. ఈ ఎడింగ్టన్ మామూలు బిషప్ కాడు, మూడవ ఎడ్వర్డ్ రాజుకు కోశాధికారి, తర్వాత ఛాన్సలర్, అంటే రాజముద్ర చేతిలో ఉండే పెద్ద మంత్రి. అంటే వైక్‌హామ్ కుర్రతనంలోనే చూసిన బిషప్ ఒక చేత్తో మేత్రాసనాన్నీ (బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతం) ఇంకో చేత్తో రాజ్యం లెక్కల్నీ నడిపేవాడు. ఈలోపు 1348-49లో మహమ్మారి ప్లేగు వచ్చింది. వించెస్టర్ మేత్రాసనంలో పదవుల్లో ఉన్న గురువుల్లో దాదాపు సగం మంది పోయారు. ఈ సంగతి తర్వాత కాలేజీల దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

1356లో ఆయనకు తొలి పెద్ద అవకాశం దొరికింది. మొదట హెన్లీ, ఈస్ట్‌హాంప్‌స్టెడ్‌లలో రాజుగారి కట్టడాల పని, అదే ఏడాది చివర్లో విండ్సర్ కోట పర్యవేక్షణ. భత్యం విండ్సర్‌లో ఉన్న రోజున 1 షిల్లింగ్, పని మీద ఊళ్ళు తిరిగిన రోజున 2 షిల్లింగులు, తన కింద రాసేవాడికి వారానికి 3 షిల్లింగులు. రాజుగారి ఆశ చిన్నది కాదు. ఫ్రాన్సు మీద గెలిచిన రాజు, గార్టర్ వీరుల సంఘం పెట్టిన రాజు, దానికి తగ్గ కోట కావాలనుకున్నాడు. ఆయన పాలనలో విండ్సర్ మీద 50 వేల పౌండ్లకు పైగా ఖర్చయింది. రాజుకు మామూలుగా వచ్చే ఏడాది ఆదాయం 30 వేల పౌండ్ల చుట్టుపక్కల ఉండేది. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో మఠాలూ చర్చిలూ కాని కట్టడాల్లో దీనంత ఖర్చు దేనికీ కాలేదు.

ఆ పనిలో వైక్‌హామ్ చేసిందేమిటో సరిగ్గా చెప్పాలి. ఆయన శిల్పి కాడు, రాయి చెక్కినవాడు కాడు. రాయి ఎక్కడి నుంచి రావాలి, కలప ఏ అడవిలో కొట్టాలి, బండ్లు ఎన్ని, మేస్త్రీలు ఎంతమంది, వారం కూలి ఎంత, పారిపోయినవాణ్ణి ఎలా పట్టుకురావాలి, ఇదంతా చూసింది ఆయన. ప్లేగు తర్వాత పనివాళ్ళే దొరకని కాలం అది. రాజాజ్ఞతో జిల్లా అధికారులు మేస్త్రీల్ని బలవంతంగా పట్టి పంపేవారు. దేశంలో ఉన్న తాపీవాళ్ళూ వడ్రంగులూ అంతా విండ్సర్‌లోనే ఉన్నారని, ఎవరైనా మంచి మేస్త్రీని పెట్టుకోవాలంటే గుట్టుగా పెట్టుకోవాల్సిందేనని ఆనాటి చరిత్రకారుడు ఒకాయన రాశాడు. అలాంటి పనిని గడువుకు నడిపించినవాడిని రాజు ఇక వదులుతాడా? 1360లో ఫ్రాన్సుతో బ్రెటిన్యీ సంధి పత్రాలు కలేలో ఖాయమైనప్పుడు వైక్‌హామ్ అక్కడ ఉన్నాడు. 1361 నుంచి షెపీ దీవిలో క్వీన్‌బరో కోట పని కూడా మొదలైంది. 1363లో ప్రీవీ సీల్ ఆయన చేతికొచ్చింది. రాజుగారి నోటిమాట కాగితం మీదికెక్కి ఆజ్ఞ అయ్యేది ఆ ముద్రతోనే. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఏ పనైనా ఈయన ద్వారానే జరిగేదని, ఈయన లేకుండా ఏదీ జరిగేది కాదని ఆనాటి చరిత్రకారుడు ఫ్రోయిసార్ రాశాడు.

ఇక పదవుల సంగతి. 1357లో నార్‌ఫోక్‌లోని పుల్హమ్ పారిష్‌తో మొదలైంది. తర్వాత వరసగా పారిష్‌లు, కేథడ్రల్ (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి) పదవులు, 1363లో లింకన్ ఆర్చిడీకన్, అంటే అక్కడి బిషప్ కింది అధికారి పదవి. అన్నిటికన్నా విడ్డూరం ఏమిటంటే ఆయనకు గురుపట్టాభిషేకం జరిగింది 1362 జూన్‌లో. అంటే తొలి పారిష్ రాబడి తన పేర రాయించుకున్న అయిదేళ్ళకు గాని పూజ చెప్పే అర్హత రాలేదు. 1366లో పోప్ అయిదవ అర్బన్ ఆజ్ఞ మేరకు ఎవరి చేతిలో ఎన్ని పదవులున్నాయో లెక్క చెప్పమన్నారు. వైక్‌హామ్ చెప్పిన లెక్క ఏడాదికి 870 పౌండ్లు దాటింది. ఇంగ్లండ్‌లో బిషప్ కాని ఏ గురువుకూ అంత రాబడి లేదు. అదే కాలంలో, అంటే 1362లో ఆర్చిబిషప్ పెట్టిన గరిష్ఠ హద్దు ప్రకారం పారిష్ సహాయ గురువు జీతం ఏడాదికి 6 మార్కులు, అంటే 4 పౌండ్లు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడమని నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి. పల్లెలో చావు పడక దగ్గర కూర్చున్నవాడికి 4 పౌండ్లు, కోటకు రాయి తోలించినవాడికి 870. ఆ ఏర్పాటులో తప్పు ఉంది, చిన్న తప్పు కాదు. అయితే అది వైక్‌హామ్ కనిపెట్టింది కాదు, ఆయన ఆఖరివాడూ కాడు.

1366 అక్టోబర్‌లో ఎడింగ్టన్ చనిపోయాడు. వించెస్టర్ ఇంగ్లండ్‌లోకెల్లా ధనిక మేత్రాసనం. హాంప్‌షైర్, సర్రీల నుంచి సోమర్సెట్‌లోని టాంటన్, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని విట్నీ దాకా పొలాలు, గొర్రెల మందలు, మిల్లులు. వాటి లెక్కల చుట్టలు 1208-09 నుంచి నేటికీ ఉన్నాయి. ఏ చేనులో ఎంత గోధుమ పండిందో, ఎన్ని గొర్రెలు చచ్చాయో కూడా అందులో ఉంటుంది. ఇంగ్లండ్ వ్యవసాయ చరిత్ర రాసేవాళ్ళకు అవి పెద్ద నిధి. ఆ పీఠానికి రాజు వైక్‌హామ్ పేరు చెప్పాడు, కేథడ్రల్ సన్యాసులు ఆయన్నే ఎన్నుకున్నారు. అప్పట్లో రోములో కాక దక్షిణ ఫ్రాన్సులోని అవిన్యోన్‌లో ఉన్న పోప్ అర్బన్ మాత్రం నెలల తరబడి ఒప్పుకోలేదు. పదవుల పోగుపాటు మీద అంత పట్టుదల ఉన్న పోప్‌కు ఆ జాబితాలో ముందున్న మనిషి పేరు రుచించకపోవడం సహజమే. అప్పుడు ఇంగ్లండ్‌లో యుద్ధపు జామీనుగా ఉన్న ఫ్రెంచి ప్రభువు బోర్బన్ డ్యూక్ చేత రాజు పోప్‌కు నచ్చచెప్పించాడు. 1367 సెప్టెంబర్‌లో వైక్‌హామ్ ఛాన్సలర్ అయ్యాడు, అక్టోబర్‌లో లండన్ సెయింట్ పాల్స్‌లో బిషప్‌గా అభిషేకం జరిగింది. ముందు మంత్రి, తర్వాత బిషప్.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఈ వరసలోనే ఉంది. రాజు తన మంత్రికి మేత్రాసనాన్ని జీతంగా ఇచ్చాడు. ఇందులో రాజుకు ఇంకో లాభం కూడా ఉంది. ఒక ప్రభువుకు భూములిస్తే అవి కొడుక్కు పోతాయి, తరతరాలకూ తిరిగి రావు. బిషప్‌కు వారసులుండరు. ఆయన పోయిన రోజున ఆ పీఠం మళ్ళీ ఖాళీ అవుతుంది, రాజు మళ్ళీ ఇంకొక ఉద్యోగికి ఇప్పించుకోవచ్చు.

ఛాన్సలర్‌గా తొలి విడత బాగా నడవలేదు. 1369లో ఫ్రాన్సుతో యుద్ధం మళ్ళీ మొదలై ఓటముల వార్తలు వచ్చాయి. పన్నులు కట్టేవాళ్ళకు కోపం వచ్చింది. 1371 పార్లమెంటులో చర్చి మనుషుల్ని పెద్ద పదవుల నుంచి తీసేసి, తప్పు చేస్తే శిక్షించడానికి వీలున్న మామూలు మనుషుల్ని పెట్టమని అడిగారు. వైక్‌హామ్ దిగిపోయాడు.

అసలు దెబ్బ 1376లో పడింది. ఆ వసంతంలో కూర్చున్న పార్లమెంటుకు 'మంచి పార్లమెంటు' అని పేరొచ్చింది. ముసలి రాజు చుట్టూ చేరి ఖజానా తింటున్నారని లాటిమర్ ప్రభువునూ లండన్ వ్యాపారి రిచర్డ్ లయన్స్‌నూ అక్కడ విచారించారు. రాజుగారి ప్రియురాలు ఆలిస్ పెరర్స్‌ను కొలువు నుంచి పంపించేశారు. వైక్‌హామ్ లాటిమర్ మీద గట్టిగా మాట్లాడినవాళ్ళలో ఒకడు. జూన్‌లో యువరాజు ఎడ్వర్డ్, బ్లాక్ ప్రిన్స్ అని మనం చదువుకున్నాయన, చనిపోవడంతో ఆ పక్షానికి అండ పోయింది. అధికారం రాజుగారి ఇంకో కొడుకు జాన్ ఆఫ్ గాంట్ చేతికొచ్చింది. పార్లమెంటు చేసిన పనులన్నీ ఒక్కొక్కటిగా తిరగబడ్డాయి. ఆ శరదృతువులో వైక్‌హామ్ మీద పాత నేరాలు తవ్వి తీశారు. యుద్ధంలో పట్టుబడ్డవాళ్ళ విడుదలకు వచ్చిన సొమ్ము దుర్వినియోగం, ఫ్రాన్సులో భూములు పోవడానికి కారణం కావడం, ఇలా పెద్ద పెద్ద మాటలు. చివరికి నిలబడింది ఒక్కటే: జాన్ గ్రే అనే వీరుడికి పడ్డ 80 పౌండ్ల జరిమానాను సగానికి తగ్గించి, దస్త్రాల్లో పాత అంకె గీకించి కొత్తది రాయించాడని. నా అంచనాలో ఇది నిజమే అయి ఉండాలి. అలాంటి సర్దుబాట్లు ఆ కచేరీలో రోజూ జరిగేవి. రాజ్యాన్ని అమ్ముకున్నాడని మొదలుపెట్టి ఒక జరిమానా దగ్గర ఆగిపోయారంటే, ఆ విచారణ దేనికోసమో మీరే చూడవచ్చు.

శిక్ష మాత్రం జరిమానా స్థాయిలో లేదు. వించెస్టర్ మేత్రాసనపు ఆస్తులన్నీ జప్తు చేశారు. రాజు కొలువుకు 20 మైళ్ళ లోపు రావద్దన్నారు. ఆనాటి ఒక చరిత్రలో గుండె కలుక్కుమనిపించే విషయం ఒకటి రాసి ఉంది. బిషప్ తన పరివారాన్ని చెదరగొట్టాడు, ఇక వాళ్ళకు తిండి పెట్టలేనని. ఆక్స్‌ఫర్డ్‌లో దేవుడి పేరు మీద తన ఖర్చుతో చదివిస్తున్న 70 మంది విద్యార్థులకు కూడా కబురు పంపాడు, ఎవరి బంధువుల దగ్గరికి వాళ్ళు వెళ్ళిపొమ్మని, ఇక సాయం చేయలేనని. నేను ఈ ఘట్టం దగ్గర ఎప్పుడూ కాసేపు ఆగుతాను. కాలేజీకి శాసనపత్రం రాకముందే, కట్టడానికి ఒక్క రాయి పడకముందే, ఆ 70 మంది ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నారన్నమాట. పేరు కోసం కాలేజీ కట్టాడనేవాళ్ళు ఈ ఒక్క విషయానికి సమాధానం చెప్పాలి.

1377 ఫిబ్రవరిలో రాజు పట్టాభిషేకపు 50వ ఏడు సందర్భంగా అందరికీ క్షమాభిక్ష ప్రకటించి, వైక్‌హామ్‌ను మాత్రం పేరు పెట్టి మినహాయించారు. అప్పుడు చర్చి సభ మొండికేసింది. లండన్ బిషప్ విలియం కోర్ట్‌నే ముందుండి, వించెస్టర్ బిషప్ సభలో కూర్చుంటే తప్ప రాజుకు పన్ను ఇచ్చే మాటే లేదన్నాడు. వైక్‌హామ్ వచ్చి కూర్చున్నాడు. ఆ నెలలోనే గాంట్ అండ ఉన్న విక్లిఫ్‌ను సెయింట్ పాల్స్‌లో బిషప్‌లు విచారణకు పిలవడం, అక్కడ గాంట్‌కూ కోర్ట్‌నేకూ మాటామాటా పెరగడం, లండన్ జనం గాంట్ మీదికి తిరగబడటం జరిగాయి. చరిత్ర పుస్తకాల్లో విక్లిఫ్ కథ ఒక అధ్యాయంలో, వైక్‌హామ్ కథ ఇంకో అధ్యాయంలో ఉంటాయి. లండన్ వీధుల్లో అవి ఒకే గొడవ. జూన్ 18న, యుద్ధానికి 3 ఓడలు సమకూర్చాలన్న షరతు మీద ఆస్తులు తిరిగిచ్చారు. మూడు రోజులకు, జూన్ 21న, ఎడ్వర్డ్ రాజు పోయాడు. బ్లాక్ ప్రిన్స్ కొడుకు, పదేళ్ళ రిచర్డ్ రాజయ్యాడు, వైక్‌హామ్‌కు పూర్తి క్షమాభిక్ష దొరికింది. ఆలిస్ పెరర్స్‌కు లంచమిచ్చి ఆస్తులు విడిపించుకున్నాడని అప్పట్లో ఒక వదంతి కూడా పుట్టింది.

బిషప్‌గా ఆయన తన మేత్రాసనాన్ని పట్టించుకున్నాడా అని చాలామంది అడుగుతారు. పట్టించుకున్నాడు, బాగానే. బిషప్‌గా ఆయన చేసిన పనులు రాసిపెట్టిన రిజిస్టర్ మనకు మిగిలింది. వించెస్టర్ పక్కనే ఉన్న సెయింట్ క్రాస్ అన్నసత్రం రాబడిని దాని అధిపతులు సొంతానికి వాడుకుంటుంటే ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిపి పేదల వాటా పేదలకు ఇప్పించాడు. సెల్‌బోర్న్ మఠంలో వేటకు పోయే మఠవాసుల్ని ఆపాడు. 1387లో రామ్సీ మఠకన్యలకు పంపిన ఆజ్ఞ ఎప్పుడు చదివినా కళ్ళ ముందు కదులుతుంది. కొందరు అమ్మలు పక్షుల్నీ కుందేళ్ళనూ వేటకుక్కల్నీ చర్చిలోకి తెచ్చుకుంటున్నారని, కీర్తనల మీద కన్నా వాటి మీదే మనసు పెడుతున్నారని, ఇకపై అవి రాకూడదని రాశాడు. కొలువులో బతికిన మనిషికి ఒక మఠంలో ప్రార్థన వేళ ఏం జరుగుతోందో కూడా తెలుసు, దాని మీద కాగితం పంపే ఓపికా ఉంది.

ఇక కాలేజీలు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కొంచెం సాగదీసినా ఓర్చుకోండి. ప్లేగుకు గురువులు సగం పోయారని చెప్పాను కదా. 1361లో ప్లేగు మళ్ళీ వచ్చింది. ఖాళీలు నింపడానికి లాటిన్ సరిగ్గా రానివాళ్ళను కూడా తీసుకోవాల్సి వచ్చింది. వైక్‌హామ్‌కు తోచిన మందు వరసగా రెండు మెట్లు: వించెస్టర్‌లో లాటిన్ వ్యాకరణం గట్టిగా నేర్పే బడి, అక్కడ తయారైన పిల్లల కోసమే ఆక్స్‌ఫర్డ్‌లో కాలేజీ. 1373లోనే వించెస్టర్‌లో పిల్లలకు చెప్పడానికి ఒక వ్యాకరణ పండితుణ్ణి పదేళ్ళ ఒప్పందం మీద పెట్టుకున్నాడు. ఆస్తులు తిరిగొచ్చాక పని ఆగలేదు. న్యూ కాలేజ్ శాసనపత్రం 1379 నవంబర్‌లో, శంకుస్థాపన 1380 మార్చి 5న, ప్రవేశం 1386 ఏప్రిల్‌లో. వించెస్టర్ కాలేజ్ పత్రం 1382 అక్టోబర్‌లో, శంకుస్థాపన 1387లో, పిల్లలు చేరింది 1394 మార్చి 28న. రెండు చోట్లా 70 మంది చొప్పున.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన కొన్న స్థలం ఊరి గోడ మూలన పాడుబడ్డ జాగా. ప్లేగు తర్వాత జనం లేక, చెత్తకూ దొంగలకూ నెలవైంది. గోడను కాలేజీ ఖర్చుతో బాగుచేస్తూ ఉండాలన్న షరతు మీద ఆ జాగా దొరికింది, ఆ మాట ప్రకారం నిలిపిన గోడ ఈనాటికీ కాలేజీ తోటలో ఉంది. విండ్సర్‌లో ఆయనతో పనిచేసిన శిల్పి విలియం విన్‌ఫర్డ్, వడ్రంగి హ్యూ హెర్లాండ్ ఈ పనులకూ వచ్చారు. చర్చి, భోజనశాల, గదులు, పుస్తకశాల అన్నీ ఒకే చదరపు ముంగిలి చుట్టూ ఒక్కసారిగా ప్లాన్ వేసి కట్టారు. అంతకుముందు ఆక్స్‌ఫర్డ్ కాలేజీలు దొరికిన ఇళ్ళను కలుపుకుంటూ పెరిగినవి. తర్వాత వచ్చినవాళ్ళు ఈ నమూనానే పట్టుకున్నారు.

నిబంధనలు ఇంకా ముచ్చటగా ఉంటాయి. వించెస్టర్‌లో చేరేవాడి వయసు 8 నుంచి 12, చదవడం, ప్రార్థన పాటలు పాడటం, తొలి లాటిన్ వ్యాకరణం వచ్చి ఉండాలి, పేదవాడై ఉండాలి. న్యూ కాలేజ్‌లో 70 మందిలో 20 మంది న్యాయశాస్త్రం, మిగతావాళ్ళు తర్కం, తత్త్వం, క్రైస్తవ దైవశాస్త్రం. ఇద్దరికి వైద్యం, ఇద్దరికి ఖగోళం చదివే అనుమతి. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకు కాలేజీలోని పెద్ద విద్యార్థులే పాఠం చెప్పాలి, అందుకు కాలేజీ డబ్బిస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఈనాటికీ నడుస్తున్న ట్యూటర్ పద్ధతికి పెద్ద ఊతం ఇక్కడ దొరికింది. భోజనశాలలో కుస్తీలు, గెంతులు, నాట్యాలు వద్దన్నాడు, ఎందుకంటే గోడకు అవతలి వైపు చర్చిలో శిల్పాలున్నాయి, అదురుకు దెబ్బతింటాయని. కట్టడాల పనిలో జుట్టు నెరిసినవాడికే తట్టే జాగ్రత్త ఇది. అలాగని మరీ బిగించలేదు. భోజనమవగానే హాలు ఖాళీ చేయాలన్నది నియమం. పండగ రోజుల్లో, చలికాలంలో నిప్పు రాజేసిన రాత్రి మాత్రం కాసేపు కూర్చుని పాటలు పాడుకోవచ్చు, పద్యాలు, రాజుల చరిత్రలు, లోకంలోని వింతలు చెప్పుకోవచ్చు అని రాశాడు. తను ఎన్నడూ చదవని యూనివర్సిటీలో కుర్రాళ్ళు చలిమంట దగ్గర ఏం మాట్లాడుకుంటే బాగుంటుందో కూడా ఆలోచించి పెట్టాడు.

డబ్బు ఎక్కడిదంటారా? మేత్రాసనపు మూల ఆస్తిని ఆయన కాలేజీలకు రాసివ్వలేడు, అది తర్వాతి బిషప్‌ది. ఏటేటా మిగిలిన రాబడితో భూములు కొన్నాడు. ఫ్రెంచి మఠాలకు ఇంగ్లండ్‌లో ఉన్న ఆస్తులు యుద్ధం వల్ల రాజు అదుపులో ఉండేవి. వాటిలో కొన్నిటిని ఆ మఠాలకు సొమ్ము చెల్లించి, పోప్ అనుమతీ రాజు అనుమతీ తీసుకుని కాలేజీల పేర రాయించాడు. రాజుగారి కొలువులో అందరితో ఉన్న పరిచయం ఆ అనుమతులకు పనికొచ్చిందనడంలో సందేహం లేదు.

1389 మే నెలలో రెండవ రిచర్డ్ ఇక నేనే పాలిస్తానని ప్రకటించి, రాజముద్రను 64 ఏళ్ళ వైక్‌హామ్ చేతిలో పెట్టాడు. అంతకుముందు మూడేళ్ళు రాజుకూ ఎదురుతిరిగిన ప్రభువులకూ మధ్య కొట్లాటలు జరిగాయి, రాజు పక్షం వాళ్ళను కొందరిని ఆ ప్రభువులు చంపించారు. రెండు పక్షాలూ నమ్మగలిగిన మనిషి కావలసొచ్చాడు. 1390 జనవరి పార్లమెంటులో ఈయనా కోశాధికారీ తమ పదవులు వదిలి నిలబడి, మా మీద ఫిర్యాదులుంటే చెప్పమన్నారు. ఒక్క ఫిర్యాదూ రాలేదు, పదవులు తిరిగి తీసుకున్నారు. 1376లో అంత అవమానం పడ్డవాడికి ఆ రోజు ఎంత ఊరటో ఊహించండి. 1391లో తప్పుకున్నాడు.

ఆ తర్వాత మిగిలిన ఓపికంతా వించెస్టర్ కేథడ్రల్ మీద పెట్టాడు. 1394 నుంచి విన్‌ఫర్డ్ చేత పాత నార్మన్ మంటపాన్ని మార్పించాడు. మొత్తం పడగొట్టలేదు. చాలాచోట్ల పాత లావు స్తంభాల రాతినే చెక్కి, సన్నని నిలువు గీతలు తీర్చి కొత్త రూపం తెప్పించారు. ఖర్చు కలిసొచ్చింది, పునాదులు కదలలేదు. పని పూర్తి కాలేదని వీలునామాలో 2,500 మార్కులు దానికే పెట్టాడు. 1404 సెప్టెంబర్ 27న బిషప్స్ వాల్తమ్‌లో, 80 ఏళ్ళ వయసులో చనిపోయాడు. కేథడ్రల్‌లో ఆయన సమాధి ఇప్పటికీ బాగుంది. పడుకున్న బొమ్మ పాదాల దగ్గర ముగ్గురు చిన్న మనుషులు కూర్చుని ప్రార్థిస్తుంటారు.

మీ మూడో ప్రశ్నకు నా తీర్పు ఇది. దొంగ సొమ్ము అనను. ఆ రోజుల చట్టం ఆయనకు ఇచ్చినదే తీసుకున్నాడు. న్యాయమైన సొమ్ము అని కూడా అనను. పుల్హమ్ రైతు కట్టిన పదోవంతు పుల్హమ్‌కే దక్కాల్సింది. అయితే అదే దారిలో పైకొచ్చిన చాలామంది ఆ డబ్బును బంధువులకు పంచిపెట్టి పోయిన కాలంలో, ఈయన దానిలో పెద్దభాగాన్ని తనలాంటి ఇళ్ళలో పుట్టిన పిల్లలకు నిచ్చెన వేయడానికి ఖర్చుపెట్టాడు. అది పనిచేసింది కూడా. న్యూ కాలేజ్ తొలి విద్యార్థుల్లో ఒకడైన హెన్రీ చిచిలీ వ్యాపారి కొడుకు, 1414లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు, ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్ సోల్స్ కాలేజీ పెట్టాడు. థామస్ బెకింగ్టన్ రెండు కాలేజీల్లోనూ చదివి రాజుగారి కార్యదర్శి, తర్వాత బాత్ అండ్ వెల్స్ బిషప్ అయ్యాడు. ఆరవ హెన్రీ రాజు 1440లో ఈటన్ బడి పెట్టినప్పుడు వించెస్టర్ నిబంధనలనే చూసి రాయించుకుని, వించెస్టర్ ప్రధానోపాధ్యాయుడు విలియం వేన్‌ఫ్లీట్‌నే అక్కడికి తెచ్చుకున్నాడు.

ఒక లోపం మాత్రం ఆయన నిబంధనల్లోనే ఉంది. బంధుప్రీతి ఆయనకూ తప్పలేదు. మేనకోడలి కొడుకుల్ని పెంచి, వారిలో ఒకడికి బ్రాటన్ కోట దక్కేలా చేశాడు. కాలేజీ ప్రవేశాల్లో మొదటి హక్కు తన రక్తసంబంధీకులదే అని రాశాడు. పిల్లలు లేని మనిషి తన ఇంటివాళ్ళ కోసం చేసుకున్న ఆ చిన్న ఏర్పాటు శతాబ్దాలు గడిచేకొద్దీ పెరిగింది. ఎక్కడెక్కడి కలిగినవాళ్ళో వంశవృక్షాలు తెచ్చి చూపించి, పేద పిల్లలకు ఉద్దేశించిన చోట్లు పట్టుకున్నారు. 19వ శతాబ్దం మధ్యలో సంస్కరణలు వచ్చి పోటీ పరీక్షలు పెట్టేదాకా ఆ హక్కు అలాగే నడిచింది.